మైకమ్మ పెద్ద చదువు

ఆ బస్టాండులో ఆమెను మైకమ్మ అని తప్ప ఇంకో పేరుతో పిలిచినవాళ్లు లేరు. ప్లాట్‌ఫారాలన్నీ కనిపించేలా మేడమీద ఒక అద్దాల గది, అందులో ఒక బల్ల, బల్ల మీద మెడ వంచిన మైకు, దాని పక్కన ఎర్ర బటను. ఏ బస్సు వస్తోందో, ఏది ఆలస్యమో, ఏది ఏ ప్లాట్‌ఫారానికి మారిందో చెప్పడం ఆమె ఉద్యోగం. పెళ్లికి ముందు డిగ్రీలో కంప్యూటర్లు చదివింది కానీ, గొంతు బాగుందని ఈ పని దొరకడంతో అందులోనే ఒదిగిపోయింది. కునికిపాట్లు పడే ప్రయాణికుణ్ణి ఉలిక్కిపడకుండా లేపే గొంతు అది. "మైకమ్మ చెప్పిందంటే బస్సు వచ్చినట్టే" అనేవాళ్లు కండక్టర్లు. బస్సు రాకపోతే తిట్లు కూడా ఆమె ఖాతాలోనే పడేవి.

నలభై దాటాక ఆ గొంతు బొంగురుపోవడం మొదలైంది. ముందు జలుబు అనుకుంది, తర్వాత దుమ్ము అనుకుంది. వేడినీళ్లు పుక్కిలించి పుక్కిలించి విసుగెత్తి చివరికి డాక్టరు దగ్గరికి వెళితే, గొంతులో చిన్న కాయ ఉందన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు. భయపడాల్సిన జబ్బేమీ కాదని తేలిన రోజు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. ఎంత గింజుకున్నా గుసగుస దాటి పైకి లేవదు. పక్కన కూర్చున్నవాళ్లకు వినిపిస్తుంది, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లకు వినిపించదు.

డిపో మేనేజరు మంచి మనిషి. కింద కంప్యూటర్ గదిలో ఆమెకు కుర్చీ వేయించి, "బస్సుల రాకపోకలు ఇందులో ఎక్కిస్తూ ఉండండమ్మా, చాలు. నోరు తెరవాల్సిన పని లేదు" అన్నాడు. అద్దాల గదిలో రికార్డు గొంతు పెట్టారు. మొదటిసారి దాన్ని విన్నప్పుడు మైకమ్మకు కళ్లు చెమర్చాయి. మరుక్షణం అది ఓ ఊరి పేరును ఖూనీ చేసేసరికి ఆ చెమర్చిన కళ్లతోనే నవ్వుకుంది.

కంప్యూటర్ గది కిటికీలోంచి మూడో ప్లాట్‌ఫారం కనిపిస్తుంది. రోజూ సాయంత్రం ఒక దర్జీ అక్కడ బస్సు కోసం నిలబడేవాడు. మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేసేవాడు కాబట్టి అతను దర్జీ అని అందరికీ తెలుసు. పుట్టుకతోనే వినపడదన్న సంగతి కొద్దిమందికే తెలుసు. ఒకరోజు అతని బస్సు ఏడో ప్లాట్‌ఫారానికి మారింది. రికార్డు గొంతు చెప్పిందో లేదో జనమంతా సంచులు భుజానికెత్తుకుని అటు పరుగు తీశారు. వీళ్లకేమైందా అని అతను దిక్కులు చూసేలోగా బస్సు గేటు దాటిపోయింది. మైకమ్మ కుర్చీలోంచి లేచి గుమ్మంలోకి వచ్చి అతన్ని పిలవబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. పిలవలేని మనిషి, వినలేని మనిషి, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె దగ్గరికి వెళ్లి తర్వాతి బస్సు ఎప్పుడో కాగితం ముక్క మీద రాసి ఇచ్చింది. అతను నవ్వి, దాని కిందే "పరవాలేదమ్మా, అలవాటే" అని రాసి చూపించాడు.

ఆ అలవాటు అన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఇన్నేళ్లూ బస్టాండులో ప్రతి మనిషికీ తన మాట అందుతోందనే అనుకుంది. ఇతనూ ఇన్నేళ్లూ అక్కడే నిలబడ్డాడు.

ఇంటికి వెళ్లి భర్తకు చెప్పింది. ఆయన అదే డిపోలో ఎలక్ట్రీషియన్. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషి. అంతా విని ఊరుకున్నాడు. ఆ వారాంతంలో మాత్రం ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇన్ఫర్మేషన్ అండ్ కమ్యూనికేషన్ టెక్నాలజీలో ఆన్‌లైన్ మాస్టర్స్. ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లోనే కూర్చుని చదవొచ్చు.

"ఈ వయసులోనా?" అంది ఆమె గుసగుసగా.

"కూర్చునే కదా చదవాలి. పరిగెత్తమనడం లేదుగా" అన్నాడు ఆయన. ఆ నెలలో ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే.

ముగ్గురే ఉండే ఇల్లు వాళ్లది. మూడో మనిషి అత్తగారు. బతుకంతా కూరగాయల దుకాణం నడిపిన మనిషి కావడంతో ఆవిడ మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినిపిస్తుంది. పొద్దున్నే పేపరు పైకి చదవడం ఆవిడకు అలవాటు. పక్కింటివాళ్లు ఎప్పుడో పేపరు మానేశారు. కోడలు మళ్లీ చదువుతుందనగానే ఆవిడ కిటికీ పక్కనున్న తన మంచాన్ని అవతలి గోడ వైపు జరిపేసి, "బల్ల ఇక్కడ వేసుకో అమ్మాయ్. ఇక్కడైతే వెలుతురుంటుంది, సిగ్నలూ బాగా అందుతుంది" అంది. అలా మైకమ్మ సీటు సంపాదించింది, అత్తగారి కిటికీ కూడా సంపాదించింది.

చిక్కంతా మొదటి ఆదివారం క్లాసులోనే వచ్చిపడింది. తెర నిండా చిన్న చిన్న గళ్లలో మొహాలు. పాఠం చెప్పే మేడమ్ ఒక్కొక్కరినీ పరిచయం చేసుకోమంది. ఓడలో రేడియో ఆఫీసరుగా పనిచేసే ఒకతను సముద్రం మీది నుంచి మాట్లాడాడు. మైకమ్మ వంతు వచ్చింది. ఆమె గబగబా టైపు చేస్తోంది.

"మీ మైకు ఆన్ చేసుకోండమ్మా" అంది మేడమ్.

ఆ మాట వినగానే మైకమ్మ వేళ్లు ఆగిపోయాయి. మైకు ఆన్ చేయమని తనకు ఇంకొకరు చెప్పే రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"క్లాసులో పాల్గొనాలి. సెమినార్లకు మార్కులున్నాయి. మాట్లాడకపోతే ఎలా?" అంది మేడమ్ మళ్లీ.

వెనక చిక్కుళ్లు ఒలుస్తున్న అత్తగారు చేట పక్కన పెట్టి లేచింది. కోడలి భుజం మీదుగా వంగి, ఎక్కడ నొక్కాలో కోడలు చూపిస్తే నొక్కి, "అమ్మా, నేను ఈ పిల్ల అత్తగారిని" అంది. గళ్లలో మొహాలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగాయి. "మా కోడలికి గొంతు ఆపరేషనైంది. బుర్ర భేషుగ్గా ఉంది. అది రాస్తుంది, నేను చదువుతాను. మీకేమైనా అభ్యంతరమా?"

మేడమ్ నవ్వింది. "నాకేం అభ్యంతరం లేదండీ. కొంచెం చిన్నగా చదవండి, చాలు" అంది. తనకు తెలియక అలా అడిగానని మైకమ్మకు ప్రత్యేకంగా క్షమాపణ చెప్పింది. యూనివర్సిటీ వాళ్లతో మాట్లాడి వారంలోపే అనుమతి కూడా ఇప్పించింది. కంప్యూటరే రాసింది చదివి వినిపిస్తుంది కదా, ఆ వీలు కూడా ఉందని ఎవరో గుర్తుచేశారు. అత్తగారికి అది ఎంతమాత్రం నచ్చలేదు. "ఊరి పేరు తిన్నగా పలకలేని ఆ డబ్బా కన్నా నేనేం తీసిపోయాను?" అంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఇద్దరు చదువుకున్నారు. కోడలు రాసిందేదైనా అర్థం కాకపోతే ఆవిడ పైకి చదివేది కాదు.

"పాకెట్ లాస్ అని రాశావేంటమ్మాయ్, జేబు కొట్టేశారా?"

మైకమ్మ ఆవిడ పక్కన కూర్చుని చెవి దగ్గర చెప్పేది. మనం పంపే సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి వెళుతుందని, దారిలో కొన్ని పొట్లాలు పోతుంటాయని.

"ఓస్, ఇంతేనా. లారీలో టమాటాలు" అని తేల్చేసి, క్లాసులో కూడా టమాటాలతో సహా చదివేసింది. ఓడలో ఉన్న రేడియో ఆఫీసరు పడీపడీ నవ్వాడు. తర్వాత పరీక్షలో ఆ ప్రశ్న వస్తే తనకు టమాటాలే గుర్తొచ్చాయని చెప్పాడు.

రెండో ఏడాది ప్రాజెక్టు. ఏం చేయాలన్నది మైకమ్మ వెతుక్కోవాల్సిన అవసరం లేకపోయింది. ప్లాట్‌ఫారాల దగ్గర తెరలు పెట్టాలి. తను కంప్యూటర్లో ఎక్కించే కబురు ఆ క్షణమే తెర మీద పెద్ద అక్షరాల్లో రావాలి, కావాలన్నవాళ్ల ఫోనుకూ వెళ్లాలి. మేనేజరు స్టోరులో పడి ఉన్న పాత టీవీలు వాడుకోమన్నాడు. భర్త డ్యూటీ దిగాక నిచ్చెన వేసుకుని వాటిని బిగించాడు. దర్జీ రోజూ సాయంత్రం వచ్చి, అక్షరాలు ఎంత దూరం నుంచి కనబడుతున్నాయో టేపుతో కొలిచి చూపించేవాడు. ఎండ తెర మీద పడే చోట రెండు చేతులూ అడ్డంగా ఊపి, కాస్త పక్కకి జరపమనేవాడు.

మొదటిసారి నడిపిన రోజు అంతా అభాసుపాలైంది. మధ్యాహ్నం ఏడో ప్లాట్‌ఫారం తెర ఒక కబురు దగ్గర బిగుసుకుపోయింది. ఎప్పుడో వెళ్లిపోయిన బస్సును ఇంకా వస్తోందని చూపిస్తూనే ఉంది. దాన్ని నమ్ముకుని జనం కూర్చున్నారు. నిజం తెలిసేసరికి కంప్యూటర్ గది మీద విరుచుకుపడ్డారు. మైకమ్మ సమాధానం చెప్పబోయినా ఆ గోలలో ఆమె గుసగుస ఎవరికి వినిపిస్తుంది? చేతులు జోడించి నిలబడింది. చివరికి కండక్టర్లే ఆమె ముందుకొచ్చి, "మైకమ్మ మీద అరుస్తారేంటయ్యా, మీకోసమే కదా తంటాలు పడుతోంది" అని సర్దిచెప్పి పంపారు.

ఇంటికి వచ్చి, ఇక ఈ ప్రాజెక్టు తన వల్ల కాదని క్లాసువాళ్ల ఫోను గ్రూపులో రాసింది. ఓడ నుంచి జవాబొచ్చింది. "సముద్రంలో మాకు సిగ్నల్ పోతే పాత వార్తను నమ్మం అక్కా. సిగ్నల్ లేదు అన్నదే మాకు వార్త. మీ తెరకు కూడా తనకు తెలియదని ఒప్పుకోవడం నేర్పండి."

మర్నాడు ఆమె సెలవు పెట్టి ప్రోగ్రామును తిరగరాసింది. కొత్త కబురు అందడం ఆగిపోతే తెర పాతదాన్ని చెరిపేసి, సమాచారం అందడం లేదు, విచారణ కిటికీ దగ్గర అడగండి, అని చూపించేలా చేసింది.

మళ్లీ నడిపిన వారంలోనే ఒక సాయంత్రం కుంభవృష్టి కురిసింది. ఒకవైపు ప్లాట్‌ఫారాల్లో మోకాలి లోతు నీళ్లు. బస్సులన్నీ రెండోవైపుకి మార్చారు. రేకుల మీద వాన మోతకు రికార్డు గొంతు ఎవరికీ వినపడలేదు. ఆ రోజు చెవులున్నవాళ్లూ లేనివాళ్లూ ఒక్కటే అయిపోయారు. మైకమ్మ టైపు చేస్తూనే ఉంది. కిటికీలోంచి చూస్తే దర్జీ తల ఎత్తి తెర చదివి, చుట్టుపక్కలవాళ్ల భుజాలు తట్టి, తెర వైపు చెయ్యి చూపిస్తూ తన వెనక రమ్మని సైగ చేస్తున్నాడు. ఓ యాభై మంది అతని వెనక గొడుగులేసుకుని నడిచారు. ఆమె కీబోర్డు మీద చేతులు పెట్టి ఒక్క నిమిషం ఏమీ టైపు చేయలేకపోయింది. ఈలోగా ఇంకో బస్సు వచ్చింది. కళ్లు తుడుచుకుని దాన్ని ఎక్కించింది.

ఇక మిగిలింది చివరి పరీక్ష. క్లాసుల్లాగే ఆన్‌లైన్లో, బయటి పరీక్షకుడి ముందు ప్రాజెక్టు వివరించాలి. అత్తగారు వారం రోజులు రిహార్సల్ వేసింది. వంటింట్లో వేసింది, పెరట్లో వేసింది, పక్కింటావిణ్ణి పరీక్షకుడిగా కూర్చోబెట్టి కూడా వేసింది. పరీక్ష రోజు పొద్దున లేచేసరికి ఆవిడ గొంతు పూర్తిగా పట్టేసింది. నోరు తెరిస్తే పిల్లికూన అరిచినట్టుంది. అత్తా కోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. కోడలికి నవ్వాగలేదు. నవ్వాక కంప్యూటర్ గొంతును సిద్ధం చేసుకోబోయింది.

స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భర్త వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"నేను చదువుతా" అన్నాడు.

చదివాడు. కరెంటు బిల్లు చదివినట్టు, పైకీ కిందకీ లేకుండా, చెమటలు తుడుచుకుంటూ చదివాడు. వెనకనుంచి అత్తగారు కొడుకు తప్పు చదివినప్పుడల్లా వీపు మీద పొడుస్తూనే ఉంది. పరీక్షకుడు పెద్దాయన. ఓపిగ్గా విని, "మొదటిసారి విఫలమైందని రాశారు. లోపం మీ ప్రోగ్రాములోనేనా?" అని అడిగాడు.

మైకమ్మ జవాబు టైపు చేస్తోంది. భర్త ఆ తెర వైపు చూడనే లేదు.

"సార్, అసలు తప్పు నాది. బస్సుల అదురుకి ఊడిపోతుందని తెలిసి కూడా ఆ కేబులు గట్టిగా బిగించలేదు. జనం తిట్టింది ఆవిణ్ణి. ఆవిడ మాత్రం ఇంటికొచ్చి నన్ను ఒక్క మాటనలేదు. కేబులు ఊడినా జనం మోసపోకూడదని ప్రోగ్రాము మార్చుకుంది. ఆ తర్వాత రోజూ డ్యూటీ దిగాక ప్రతి తెర కిందా నిలబడి చదివి చూసుకునేది. ఆవిడ గొంతు పోయాక నాకు ఇంట్లో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు సార్. ఈ చదువు మొదలయ్యాక ఇల్లు మళ్లీ సందడిగా ఉంది. అంతేనండి."

పరీక్షకుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పాఠం చెప్పే మేడమ్ ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకుంది. మైకమ్మ మైకు దగ్గరగా జరిగి, తనకున్న ఆ కాస్త గొంతుతోనే, "ఆయన చెప్పింది సరే సార్, కానీ కేబులు ఒక్కటే కాదు, ప్రోగ్రాములోనూ లోపముంది" అని మొదలుపెట్టి, అదేమిటో, దాన్నెలా సరిచేసిందో తనే చెప్పింది. అవతల అందరూ తెరలకు చెవులానించి విన్నారు. ఒక్కరు కూడా గట్టిగా చెప్పమనలేదు.

ఫస్ట్ క్లాసులో పాసైంది. ఇప్పుడు చుట్టుపక్కల బస్టాండుల్లో తెరలు పెట్టించే పని ఆమెకు అప్పగించారు. మేనేజరు ఆమె బల్ల మీద కొత్త హోదాతో పేరు పలక పెట్టించాడు. కండక్టర్లకు మాత్రం ఆమె ఇంకా మైకమ్మే. ఆ పిలుపు వింటే మునుపు కలుక్కుమనేది, ఇప్పుడు హాయిగా ఉంటుంది. తను ఎవరెవరికి రుణపడి ఉందో తలుచుకోవడం మొదలుపెడితే ఆమెకు కిటికీ ఇచ్చిన మనిషి దగ్గర మొదలై, నిచ్చెన ఎక్కిన మనిషి, టేపు పట్టిన మనిషి, ఎన్నడూ చూడని ఓడలో మనిషి, ఇలా ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉంటారు.

పట్టేసిన గొంతు విడిచాక అత్తగారు వీధిలో అందరికీ మిఠాయి పంచుతూ, "సగం మాస్టర్స్ నాదే" అని చెప్పుకుంటోంది.

"సగం కాదత్తయ్యా, ముప్పావు" అంది మైకమ్మ, ఆవిడ చెవి దగ్గరికి వంగి.

"మరి మిగతా పావు?"

మైకమ్మ ఇంటి అరుగు వైపు చూపించింది. అక్కడ ఆమె భర్త, ఎప్పటిలాగే ఒక్క మాటా మాట్లాడకుండా, పక్క ఊరి బస్టాండుకు తీసుకెళ్లాల్సిన కేబుళ్లను చుట్టలు చుడుతున్నాడు.