గడ్డం గీసుకున్న చేప

ఆ రోజుల్లో నాకు రాని విద్యంటూ ఉండేది కాదు. ఎవరైనా "నీకు ఫలానాది వచ్చా?" అని అడగడమే ఆలస్యం, నాకంటే ముందు నా నోరు "ఓ, మస్తు!" అనేసేది. ఇరవై మూడేళ్ల వయసు. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో సీసాలకు లేబుళ్లు వంకర లేకుండా అతికాయో లేదో చూసే ఉద్యోగం. మేడ్చల్‌లో మేనమామ ఇంట్లో మకాం. పొద్దంతా వంకర లేబుళ్లు ఏరేసే మనిషికి లోకంలోని వంకరలన్నీ తనకే కనిపిస్తాయన్న గర్వం రావడం సహజం. (నా వంకరను ఏరేసేవాళ్లు అప్పటికింకా దొరకలేదు.)

మా మామను వాడకట్టంతా హవల్దార్ మామ అనేవాళ్లు. సరిహద్దులో జరిగిన ఒక పేలుడు ఆయన రెండు కళ్లనూ తీసుకుంది. ఎవరైనా అయ్యో పాపం అనబోతే, "కండ్లు సర్కారుకిచ్చిన, చెవులు నా కాడనే ఉంచుకున్న" అని నవ్వేసేవాడు. రోజూ పొద్దున ఆరింటికి తన గడ్డం తానే గీసుకునేవాడు, ఒక్క గాటు పడేది కాదు. అద్దం ముందు నిలబడి గీసుకునే నాకు మాత్రం వారానికి రెండు గాట్లు. అయినా అత్త భయం అత్తది. ఆదివారం చర్చికి తప్ప ఆయనను గేటు దాటనిచ్చేది కాదు. పటాలంలో చేరకముందు సెలవు దొరికితే చాలు శామీర్‌పేట చెరువులో గాలం వేసిన మనిషాయన. ఒకరోజు అన్నం తింటూ తింటూ, "ఒక్కసారి చెరువు కాడికి పోయి, గాడనే పండుకొని వస్త" అన్నాడు.

అత్త చేతిలో గరిటె ఆగింది. "ఎవరు తీస్కపోతరు?"

"నేను తీస్కపోత" అన్నాను.

"నీకు ఈత వస్తదా?"

"ఓ, మస్తు!"

"డేరా కట్టుడు?"

"అదెంత పని అత్తా!"

అత్త నన్ను కాసేపు చూసింది. "సరే బిడ్డా. కాని మనిషి ఎట్ల పోయిండో గట్లనే రావాలె. ఒక్క గీత పడ్డా సరే, ఇగ జన్మల గడప దాటనియ్య" అంది. కంచంలో మామ వేళ్లు కలిపిన ముద్దనే మళ్లీ మళ్లీ కలుపుతున్నాయి. ఆయన ముందుముందు చేయబోయే ప్రయాణాలన్నీ నా చేతిలో పడ్డాయని నాకప్పుడు అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం నా బండి మీద బయలుదేరాం. డేరా, రెండు గాలాలు, మామ భుజాన ఒక తాడు చుట్ట. తాడెందుకు మామా అంటే, "అక్కరకొస్తది తియ్" అన్నాడు. చెరువు ఒడ్డున ఆయన పాత దోస్తు మామిడితోటలో దిగాం. చేపల సంఘం పెద్దతో మాట్లాడి, మా రెండు గాలాలకు ఆ దోస్తే అనుమతి తీసిపెట్టాడు. డేరా నా వంతు. అరగంట కష్టపడ్డాక చూసుకుంటే డేరా లేవనే లేదు గానీ నేను దాని లోపల ఉన్నాను, బయటికొచ్చే దారి కనబడలేదు. మామ చేత్తో తడిమి చూసి, "అల్లుడా, తిరగేసి కట్టినవ్. నువ్వు జర బయటికి రా, మిగిలింది నేను జూస్త" అని పది నిమిషాల్లో నిలబెట్టేశాడు. ఆ తర్వాత తాడు ఒక కొసను డేరా పక్కనున్న మామిడి చెట్టుకూ, రెండో కొసను నీళ్ల అంచున తుమ్మ మొద్దుకూ కట్టించాడు. ఆ తాడు పట్టుకుని ఒడ్డుకు నడిచి, వెదురుకర్రతో నీళ్లలో అక్కడా ఇక్కడా పొడిచి లోతు చూసుకున్నాడు. ఇంత చాదస్తమా అని నవ్వుకున్నాను. (చప్పుడు కాకుండానే నవ్వాను. అయినా "ఏందిరా నవ్వుతున్నవ్?" అన్నాడు.)

ఆ సాయంత్రం ఒక్క చేప పడలేదు. "నీ నోరు మూతబడితెనే గదరా అవి నోరు తెరిచేది" అన్నాడు మామ. తెల్లారాక కూడా అదే కథ. ఆయన గాలం పట్టుకుని చాలాసేపు కూర్చుని, మెల్లగా అన్నాడు: "ఇంట్ల అన్నీ నా చేతికే అందిస్తరు అల్లుడా. నీళ్లు, అన్నం, చెప్పులు గూడ. ఒక్కటన్న నేను గుంజి తేవాలె." ఆ మాటకు నా గుండె కరిగిపోయింది. గుండె కరిగినప్పుడల్లా నా బుర్ర పనిచేయడం మానేస్తుంది. ఎనిమిది దాటాక మామ గడ్డం గీసుకోవడానికి డేరాలోకి వెళ్లగానే, పాలు తెస్తానని చెప్పి రోడ్డు మీది చేపల దుకాణానికి బండి ఉరికించాను.

ఒక బలమైన బొచ్చె చేపను ఏరుకున్నాను. "ముక్కలు కొట్టాల్నా?" అంది అమ్మే ఆమె. "వద్దు, నిండుగనే ఇయ్యి" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెంలో, ప్రతి ఆదివారం ఇంటికి తెచ్చేటప్పుడు చేసినట్టే ఆమె దాన్ని శుభ్రంగా గీకి, కడిగి, కవర్లో పెడుతుంటే పక్కన నిలబడి చూస్తూ కూడా ఏమీ అనలేదు. పైగా "సాఫ్ జేసినవ్ అక్కా, మంచిగుంది" అని మెచ్చుకుని వచ్చాను.

చెరువు దగ్గర పిల్లిలా నీళ్లలోకి దిగి, మామ గాలానికి ఆ చేపను తగిలించాను. తగిలించి వెనక్కి తిరిగానో లేదో, కాలి కింద బురద జారింది. ఆ తర్వాత శామీర్‌పేట చెరువు మొత్తం నా నోట్లోనే ఉంది. "మామా! మునిగిన! మామా!"

తాడు పట్టుకుని ఆయన పరుగున వచ్చిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. సగం చెంపకు ఇంకా నురగ. "అరే, నిలవడు!"

"మామా, సచ్చిన!"

"నిలవడరా అంటున్న! గాడ నీ నడుము లోతే. నిన్న కర్రతోని జూసిన!"

నిలబడ్డాను. నిజంగానే నడుము లోతే. ఆయన చాచిన వెదురుకర్ర పట్టుకుంటే, చేపను లాగినట్టు ఒడ్డుకు లాగేశాడు. మోకాలు చెక్కుకుపోయింది. తుమ్మముళ్లు చేతుల నిండా గీతలు గీశాయి. జేబులో ఫోను కన్నుమూసింది. అయినా సిగ్గులేని నోరు కదా, "మామా, నీ గాలం గుంజుతాంది సూడు" అంది.

మామ గాలం లాగి, చేపను చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు తల నుంచి తోక దాకా వెళ్లాయి. మళ్లీ తోక నుంచి తల దాకా వచ్చాయి.

"అల్లుడా, గిది మిలిట్రీ చేపరా."

"ఎట్ల మామా?"

"పొద్దుగాల్నే గడ్డం గీసుకుని డ్యూటీకొచ్చింది. ఒక్క పొలుసు లేదు." వేలు కడుపు దగ్గర ఆగింది. "పాపం, ఉపవాసం గూడ ఉన్నట్టుంది. లోపల పేగే లేదు."

భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. మామ మాత్రం ఒడ్డున కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, "పోనీ తియ్‌రా. చేప పడకపోతె పడకపాయె. డెబ్బై కిలోల మొద్దును గుంజిన, గది సాలు" అని నా తడి తల నిమిరాడు. నాకు ఏడుపొచ్చింది. (చెరువు నీళ్లేనని ఆయనతో అన్నాను. నమ్మలేదు.)

ఇంతలో ఆటో చప్పుడు. చేపలు బెదురుతాయని రాత్రే నోరు నొక్కిన నా ఫోను పొద్దటి నుంచీ పలకకపోయేసరికి అత్త పరేషాన్ అయి, చర్చి నుంచి బైబిలుతో సహా నేరుగా వచ్చేసింది. మామను తల నుంచి కాళ్ల దాకా చూసింది. నురగ తప్ప ఒక్క గీత లేదు. తర్వాత నన్ను చూసింది. బురద, రక్తం, గీతలు. చివరికి చేపను చూసింది. ఒక్క క్షణంలో మొత్తం కథ చదివేసింది. ఇక మామ పని అయిపోయిందనుకుని నేను కళ్లు మూసుకున్నాను.

"మల్ల నెల గూడ పో" అంది అత్త మామతో. "కాని వీన్ని ఒక్కన్ని నీళ్లకాడ ఇడువకు. జర జూసుకో."

అప్పటి నుంచి ఆ ప్రయాణం ఏ నెలా తప్పలేదు. దారిలో ఛాయ్ తాగుతూ "మా మామను చెరువుకు తీసుకెళ్తున్నా" అని నేను గొప్పగా చెబితే, ఆయన పెద్దమనసుతో ఊరుకుంటాడు. నాకిప్పుడు చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఎవరైనా "ఈత వచ్చా?" అంటే ఆ పాత కుర్రాడు ఇంకా లోపలి నుంచి లేస్తాడు. నోరు "ఓ" దాకా వెళుతుంది కూడా. అక్కడితో ఆగిపోతుంది. ఎందుకంటే చెరువు దగ్గర దిగగానే, తాడు ఒక కొసను మామ ఇప్పుడు తుమ్మ మొద్దుకు కట్టడం లేదు, నా నడుముకు కడుతున్నాడు.