మాస్కు వద్దన్న బస్సు డ్రైవరు

2023 జనవరి. శంషాబాద్ బస్టాండు దాటాక, ఒక మందుల షాపు పైన మొదటి అంతస్తులో నా దంత వైద్యశాల. అప్పటికి అక్కడ పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చి, సిటీలో పోటీకి భయపడి ఇక్కడ బోర్డు పెట్టాను. పొద్దున పూట చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు, సాయంత్రం డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చే ఎయిర్‌పోర్టు వాళ్లు. పుచ్చుపళ్లు, రూట్ కెనాల్, కట్టుడు పళ్లు. రోజంతా ఇదే పని.

దానికి రెండేళ్ల ముందు ఇంకో పని కూడా నేర్చుకున్నాను. కొందరికి నిద్రలో నాలుక, గొంతు కండరాలు వదులై వెనక్కి జారి గాలి దారిని మూసేస్తాయి. ఊపిరి కాసేపు ఆగుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్లీ ఆగుతుంది. రాత్రంతా ఇదే తంతు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. దీనికి ముఖ్యమైన వైద్యం సీప్యాప్. మంచం పక్కన చిన్న మిషను, దాని గొట్టానికి ముక్కు మీద బిగించుకునే మాస్కు. ఆ గాలి ఒత్తిడి గొంతును తెరిచి ఉంచుతుంది. అది పడనివాళ్లలో కొందరికి మా వంటి దంతవైద్యులం నోట్లో పెట్టుకునే పరికరం చేస్తాం. పై పళ్లకొక తొడుగు, కింది పళ్లకొక తొడుగు, రెండింటినీ కలుపుతూ చిన్న మరలు. అది కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచుతుంది. దవడతో పాటు నాలుక కూడా ముందుకొస్తుంది, గాలికి దారి దొరుకుతుంది.

అప్పటికి నేను అలాంటివి నాలుగే చేశాను. నలుగురివీ తేలికపాటి కేసులు.

మల్లేశ్ ఐదోవాడు. నలభై ఆరేళ్లు, హిమాయత్ సాగర్ పక్క ఊరు. ఎయిర్‌పోర్టులో ప్రయాణికులను టెర్మినల్ నుంచి విమానం దాకా తీసుకెళ్లే బస్సు నడుపుతాడు. భార్య అనసూయను వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో ఊపిరితిత్తుల వైద్యుడు రఘురామ్ గారి ఉత్తరం. ఆప్నియా మధ్యస్థంగా ఉంది, మూడేళ్లుగా సీప్యాప్ వాడుతున్నాడు, మిషను రిపోర్టు ప్రకారం రోజూ ఆరు గంటలు పెట్టుకుంటున్నాడు, అయినా వేరే మార్గం కావాలని పట్టుబడుతున్నాడు, నోరు మీ పరికరానికి పనికొస్తుందేమో చూడండి అని రాశారు.

"జిందగీ అంతా పెట్టుకోవాల్నంట మేడం. నాతోని కాదు" అన్నాడు మల్లేశ్ కూర్చుంటూనే.

"ఇబ్బంది ఏమిటి?"

"గాలి కడుపులకు పోతది. పొద్దుగాల్ల లేస్తే కడుపు డోలు లెక్క ఉంటది. ముక్కు మీద పుండు పడ్తది. జర వేరేది ఏదన్న చూడుండ్రి."

గాలి మింగడం, చర్మం ఒరుసుకోవడం సీప్యాప్‌తో నిజంగా వచ్చే బాధలే. వంకలు చెబుతున్నాడని నాకేమీ అనిపించలేదు. నోరు చూశాను. గుట్కా మరకలు, వాచిన చిగుళ్లు, పాచి పేరుకుపోయి ఉంది. మా పరికరం పళ్లను ఆసరా చేసుకుని దవడను లాగుతుంది. చిగుళ్లు ఇలా ఉంటే నాలుగు నెలల్లో పళ్లే కదిలిపోతాయి. ముందు పాచి తీయాలని చెప్పి అప్పుడే మొదలుపెట్టాను.

పాచి తీసే స్కేలర్ చప్పుడు చాలామందికి పళ్లు జివ్వుమనిపిస్తుంది. పైగా నోట్లో నీళ్లు చిమ్ముతూ ఉంటాయి. పొద్దున పదకొండు గంటలప్పుడు, ఆ చప్పుడులో, నోరు తెరిచి ఉండగానే మల్లేశ్ నిద్రపోయాడు. రెండుసార్లు భుజం తట్టి లేపాను. మూడోసారి గురక మొదలైంది.

నేను స్కేలర్ ఆపేశాను. రోజూ ఆరు గంటలు సీప్యాప్ పెట్టుకుని పడుకునే మనిషికి ఆ వేళప్పుడు అంత నిద్ర రాకూడదు. వంగి అతని ముక్కు మీద చూశాను. పుండు అన్నచోట ఎప్పుడో మానిపోయిన నల్లటి మచ్చ ఉంది, అంతే. తల తిప్పితే స్టూలు మీద అనసూయ. ఆమె ముక్కు దూలం మీద ఎర్రగా, తాజాగా ఒరుసుకుపోయిన గుర్తు. చెంపల మీద పట్టీ బిగిసిన చార. ఆమెకు కళ్లద్దాలు లేవు.

"అనసూయగారూ, ఆ ముక్కు మీద ఏమైంది?"

చప్పున కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏం లేదు మేడం."

"మాస్కు మీరు పెట్టుకుంటున్నారా?"

మల్లేశ్ వైపు చూసింది. తర్వాత, అతను లేస్తాడేమోనన్నట్టు మెల్లగా చెప్పింది. "మూణ్నెల్లకొకసారి కంపెనీల మిషన్ల చిప్పు తీసుకురమ్మంటరు. ఎన్ని గంటలు పెట్టుకున్నడో దాంట్ల ఎక్కుతదంట. తక్కువ పడితే బస్సు ఇయ్యరు. ఈయన గంట కాంగనే పీకి పడేస్తడు. ఇగ నేనే పెట్టుకుని పండుకుంటున్న. రెండు నెల్లయింది."

"మీకు ఊపిరి ఆడుతోందా దానితో?"

"అలవాటైంది" అంది.

ఉన్న జబ్బుకు మందు వేసుకోని మనిషి, లేని జబ్బుకు వైద్యం చేయించుకుంటున్న మనిషి, ఇద్దరూ నా ఎదురుగా ఉన్నారు. పైగా మిషను రిపోర్టు చూసి, ఇతను బాగానే ఉన్నాడని రఘురామ్ గారూ కంపెనీ వాళ్లూ నమ్ముతున్నారు.

మల్లేశ్‌ను లేపి, నాకు తెలిసిపోయిందని చెప్పాను. భార్య వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

"మీ బస్సులో ఎంతమంది ఎక్కుతారు?" అని అడిగాను.

"అరవై. ఒక్కోసారి డెబ్బై."

"నడుపుతుండగా ఎప్పుడైనా కన్ను మూతపడిందా?"

మెడకు కట్టిన నాప్కిన్ విప్పబోయాడు. మళ్లీ అడిగాను.

"ఒక్కపారి. ఖాళీ బండే. కన్ను తెరిచేసరికి విమానం రెక్క ముంగట ఉన్న. బ్రేకు కొట్టిన. ఎవరూ చూడలే."

అనసూయ స్టూలు మీద నుంచి లేచి నిలబడింది. ఆ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది.

"మీరు ఈరోజే రఘురామ్ గారి దగ్గరికి వెళ్లి ఇదంతా చెప్పండి. మిమ్మల్ని నా దగ్గరికి పంపింది ఆయనే కాబట్టి నేను దాచలేను. మీరు చెప్పకపోతే నేను చెబుతాను" అన్నాను.

"ఏంది మేడం గట్లంటరు? ముక్కుకు గొట్టం వద్దని వస్తే నౌకరీయే తీసేస్తరా?" గొంతు పెంచలేదు. కానీ ఆ మాట చాలా రోజులు నా చెవిలో ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే వెళ్లి చెప్పాడు. రఘురామ్ గారు బస్సు నడపకూడదని తాత్కాలికంగా రాసిచ్చారు. కంపెనీ అతన్ని సామాన్ల బెల్టు దగ్గర పనికి వేసింది. ఇక నా గుమ్మం తొక్కడనే అనుకున్నాను. పదిరోజుల తర్వాత ఒక సాయంత్రం ఆ కొత్త డ్యూటీ దిగి, చేతులకు దుమ్ముతోనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"స్టీరింగ్ ఇడిపించిండ్రు కదా మేడం. ఇగ మళ్ల పట్టించే పని కూడ మీదే" అన్నాడు.

నవ్వుతూ అన్నాడో, నిష్ఠూరంగా అన్నాడో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం దాన్ని పనిగానే తీసుకున్నాను.

చిగుళ్లు దారికి రావడానికి మూడు నెలలు పట్టింది. గుట్కా మానాలన్నది నా షరతు. మానాడు, మధ్యలో ఒకసారి జారి, అడగకముందే వచ్చి ఒప్పుకున్నాడు. ఈలోపు ఆప్నియాను గాలికి వదిలేయడానికి లేదు. రఘురామ్ గారు మిషను ఒత్తిడి తగ్గించి, మొహం మీద కాకుండా ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కు ఇచ్చారు. దానితో నాలుగు గంటలు నెట్టుకొచ్చేవాడు. ఈసారి నిజంగా తనే.

ఏప్రిల్‌లో పళ్ల అచ్చులు తీశాను. దవడ ఎంత ముందుకు రాగలదో కొలిచి, అందులో సగం దగ్గర నిలిపి ల్యాబ్‌కు పంపాను. పరికరం వచ్చాక నోట్లో పెట్టి, ఎక్కడ ఒత్తుకుంటోందో చూసి, రెండు గంటలు అరగదీశాను. పక్కనున్న మరను చిన్న తాళంచెవితో వారానికి రెండుసార్లు, ఒక్కో చుట్టు చొప్పున తిప్పాలి. ఒక చుట్టుకు దవడ వెంట్రుకవాసి జరుగుతుంది. తిప్పే బాధ్యత అనసూయకు ఇచ్చాను. గోడ మీద క్యాలెండర్‌లో టిక్కు పెట్టమన్నాను.

రెండో వారంలో మల్లేశ్ చెంప పట్టుకుని వచ్చాడు. నోరు రెండు వేళ్ల కంటే ఎక్కువ తెరుచుకోవడం లేదు. పళ్లు పైవీ కిందివీ కలవడం లేదు.

"జొన్నరొట్టె నమలొస్తలేదు మేడం" అన్నాడు.

పరికరం తీసి మర చూశాను. పది చుట్లు తిరిగి ఉంది. అనసూయ గుడికి వెళ్లినప్పుడు తాళంచెవి తీసి తనే తిప్పేసుకున్నాడట. "జల్ది అయితే జల్ది బస్సు ఎక్కొచ్చు గదా అని."

నాకు కోపం వచ్చింది. తిట్టాను కూడా. తర్వాత అతని చేతుల మీద సూట్‌కేసు చక్రాలు గీసుకుపోయిన గీతలు చూసి ఆగాను. పద్దెనిమిదేళ్లు స్టీరింగ్ పట్టిన మనిషికి ఆ బెల్టు దగ్గర ఒక్కో రోజూ ఎలా గడుస్తుందో నేను ఆలోచించలేదు. వారం రోజులు పరికరం పక్కన పెట్టించి, మిషను మీదే పడుకోమన్నాను. వేడి కాపడం, దవడకు వ్యాయామం. ఆ తర్వాత మొదటి నుంచి మొదలు. ఈసారి తాళంచెవి అనసూయ పుస్తెలతాడుకు కట్టుకుంది.

జూలైలో పరికరం నోట్లో ఉంచి నిద్ర పరీక్ష చేయించారు. రఘురామ్ గారు ఫోన్ చేశారు. పక్కకు తిరిగి పడుకున్నంతసేపు చక్కగా ఉంది, వెల్లకిలా పడుకున్నప్పుడు మాత్రం ఊపిరి ఇంకా ఆగుతోందని చెప్పారు. డ్రైవింగ్‌కు అది చాలదన్నారు. ఇద్దరం కాసేపు మాట్లాడుకున్నాం. వెల్లకిలా తిరగకుండా చేయగలిగితే?

అందుకు వీపుకు కట్టుకునే బెల్టులు బజారులో దొరుకుతాయి. అనసూయకు చెప్పగానే, కొనే పని లేదంది. మర్నాడు ఒక పాత బనియను తెచ్చి చూపించింది. వీపు భాగం మీద నిలువుగా సంచి కుట్టి, అందులో గట్టిగా దూది కూరింది. మూడుచోట్ల కుట్టు వేసి దూది జారకుండా చేసింది. పన్నెండేళ్ల నుంచి పళ్ల తొడుగులు కుదిర్చే నాకు, ఒంటికి సరిగ్గా కుదిరిన పని ఏదో చూడగానే తెలుస్తుంది. దాన్ని రఘురామ్ గారికి చూపిస్తే, అలాంటివే ఇంకో రెండు కుట్టిమ్మన్నారు, వేరే పేషెంట్లకు.

సెప్టెంబరులో మళ్లీ పరీక్ష. బనియను, పరికరం రెండింటితో. ఆ రిపోర్టు కోసం ఎదురుచూసినట్టు నా సొంత పరీక్షా ఫలితాల కోసం కూడా ఎదురుచూడలేదు. రఘురామ్ గారు ఫోన్‌లో ఒకే మాట అన్నారు. "మీ పరికరం పని చేసిందండీ." పగలు నిద్ర ముంచుకొస్తోందేమో చూసే పరీక్ష కూడా అయ్యాక, బస్సు నడపవచ్చని సంతకం చేశారు. ఏడాదికొకసారి మళ్లీ చూపించుకోవాలని షరతు పెట్టారు. మిషన్ను ఇంట్లోనే ఉంచుకోమన్నారు, జలుబు చేసినప్పుడో, పరికరం విరిగినప్పుడో అక్కరకొస్తుందని.

సంతకం అయిన కాగితం తీసుకుని మల్లేశ్ అనసూయతో కలిసి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. నా బల్ల మీద పెట్టి, చదవమన్నాడు. నేను చదివాను. మళ్లీ చదవమన్నాడు. "పెద్దగ చదువుండ్రి మేడం, ఈమె ఇనాలె" అన్నాడు. క్లినిక్‌లో ఉన్న నలుగురు పేషెంట్లూ విన్నారు.

ఆ కేసు తర్వాత అలాంటి పరికరాలు చాలా చేశాను. సిటీ వైపు ఆరాంఘర్ అవతలి నుంచి కూడా వస్తారు. సగం మందికి చెయ్యను, తిప్పి పంపేస్తాను. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు మాస్కే మేలని, దానికి ప్రత్యామ్నాయం కాదిదని చెబుతాను. పరికరం చెయ్యడం ఎంత గర్వమో, చెయ్యనని చెప్పగలగడం కూడా అంతే గర్వమని మల్లేశ్ కేసులోనే నేర్చుకున్నాను. ఇంకో సంగతి కూడా. ఎవరైనా వచ్చి మాస్కు వద్దంటే, మొండితనమని ముందే అనుకోను. ఎక్కడ ఒరుసుకుంటోంది, ఏది మింగుడుపడటం లేదు, ఎవరికి భయపడి అబద్ధం చెబుతున్నారు, ఇవి అడుగుతాను. రిపోర్టు చదివాక మనిషి మొహం చూస్తాను. పక్కన కూర్చున్నవాళ్ల మొహం కూడా.

మొన్న ఏడాది పరీక్షకు ఇద్దరూ వచ్చారు. పరికరం బాగుంది, చిగుళ్లు గట్టిగా ఉన్నాయి. మీకు నిద్ర బాగా పడుతోందా అని అనసూయను అడిగాను.

"ఏం పడ్తది మేడం" అంది. "ముందుగాల గురకకు నిద్ర లేకుండె. ఇప్పుడేమో చప్పుడే ఇనరాదు. రెండుపార్లు లేసి, ఊపిరి ఆడుతుందా లేదా అని ముక్కు కాడ చెయ్యి పెట్టి చూస్తున్న."

"ఆడుతోందా?"

"మంచిగ ఆడుతుంది" అంది అనసూయ.