ఇరవై సంచులు

ఆస్పత్రిలో అందరూ ఆమెను కొలతలమ్మ అనేవాళ్ళు. జేబులో వృత్తాలు గీసిన కొలతకార్డు లేనిదే వార్డులో అడుగు పెట్టేది కాదు. ఆపరేషన్‌లో పేగు కొనను పొట్టమీదికి తెచ్చి కుట్టిన రోగులకు, మలం పట్టే సంచి అంటించడం ఆమె పని. సంచి పట్టీకి కత్తిరించే రంధ్రం ఆ పేగు కొనకు సరిగ్గా సరిపోవాలి. కాస్త వెడల్పయినా మలం తగిలి చర్మం ఒరిసిపోతుంది. ఈ మాట కొత్త నర్సుల చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

ఇరవై రెండేళ్ళ సర్వీసు ఉన్నా, గాయాల సంరక్షణలో సర్టిఫికెట్ లేదు కాబట్టి పాఠం చెప్పే అర్హత లేదన్నారు. తీరా రెండు నెలల శిక్షణకు సీటొచ్చిన వారమే అక్కకు పేగు కాన్సర్ ఆపరేషన్ అయింది. అమ్మ పోయాక తనను పెంచిన అక్క. మానేస్తానంటే ఒప్పుకుంటేగా! అక్కవి వణికే చేతులు, కత్తెర పట్టలేదు. అందుకని కొలతలమ్మ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఇరవై సంచులకు రంధ్రాలు కత్తిరించి డబ్బాలో పేర్చింది. వెంట్రుకవాసి తేడా లేదని శిక్షణకు వెళ్ళే రైల్లో గర్వపడింది కూడా, పిచ్చిది.

రోజూ ఫోన్ చేసేది. బాగానే ఉందనేది అక్క.

పరీక్షలో పదకొండో ప్రశ్న: ఆపరేషన్ తర్వాతి వారాల్లో వాపు తగ్గి పేగు కొన చిన్నదవుతుంది, అప్పుడేం చేయాలి? ప్రతి వారం మళ్ళీ కొలవాలని చకచకా రాసేసింది. రాశాక కలం ఆగిపోయింది. అక్క సంచులు ఇరవైకి ఇరవై మొదటి కొలతకే కత్తిరించి వచ్చింది. వందలమందికి చేసింది, ఒక్క అక్కకే మరిచిపోయింది.

ఇంటికి రాగానే సంచి తీసి చూసింది. చుట్టూ చర్మం పచ్చిపుండై ఉంది.

"చెప్పొచ్చు కదా అక్కా," అంది ఏడుస్తూ.

"నువ్వు కత్తిరించినవి తప్పవుతాయా? నేనే సరిగ్గా అంటించట్లేదనుకున్నానే."

పుండు పది రోజుల్లో మానింది. కాన్సర్ మానలేదు. సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి అక్క లేదు.

ఇప్పుడామె పాఠాలు చెబుతోంది. మొదటిరోజే డబ్బాలో మిగిలిన సంచుల్లో ఒకదాన్ని, వాపు తగ్గాక తీసిన పేగు కొన కొలతతో సహా అందరికీ ఇచ్చి చూడమంటుంది. మొన్న ఒక కొత్త నర్సు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇంత వెడల్పుగా కత్తిరించిన నిర్లక్ష్యపు మనిషెవరని నవ్వింది.

"నేనే," అంది కొలతలమ్మ. "మా అక్కకి."

తర్వాత అందరినీ కొలతకార్డులు బయటికి తీయమంది.