శుక్రవారం పని చెయ్యని కార్డు

ఆ రోజుల్లో ఫోన్‌కి మెసేజీ వచ్చిన చప్పుడు వింటే చేతిలో పని అక్కడే వదిలేసేదాన్ని. అది పెళ్లి పిలుపైనా, రీచార్జి ఆఫరైనా ముందు భయం, తర్వాతే చదవడం. మా నర్సరీ ప్రకటనలకు డబ్బు కట్టే కార్డు నా పేరు మీద ఉండేది. ఇంటర్నెట్‌లో ప్రకటనలు వేసే కంపెనీ ఆ కార్డులోంచి డబ్బు తీసుకున్నప్పుడల్లా బ్యాంకు నాకొక మెసేజీ పంపేది. తీసుకున్నాక పంపేది. ముందు అడగడమంటూ లేదు.

మాది కడియం దగ్గర నర్సరీ. మొక్కలు పెంచడం మా వారి పని, అమ్మడం మా మరిది పని, లెక్కలు నావి. నేను చదివింది ఏడో తరగతి. రావులపాలెంలో మా నాన్నకి అరటి గెలల కమీషన్ కొట్టు ఉండేది. అక్కడ కూర్చుని గెలలు లెక్కపెడుతూ, కమీషన్ తీస్తూ నేర్చుకున్నదే నా చదువు. ఇంట్లోకి కంప్యూటర్ వచ్చాక ఎక్కడ ఏది నొక్కాలో మరిది చూపించాడు. ఇంగ్లిషు మాటల్ని బొమ్మల్లా గుర్తుపెట్టుకున్నాను. అంకెలతో ఆ ఇబ్బంది లేదు, ఏ భాషలోనైనా అవే కదా.

అంతకు ముందు మా మొక్కలన్నీ బ్రోకర్ల చేతుల మీదుగా పోయేవి. లారీ వాళ్లే తెచ్చేవారు, ధర వాళ్లే చెప్పేవారు, డబ్బు మాత్రం తీరిగ్గా ఇచ్చేవారు. ఆ ఏడు మరిది పెద్ద బ్రోకరుతో మాటామాటా అనుకుని, ఇక కర్ణాటక, మహారాష్ట్ర రైతులకి నేరుగా అమ్ముతానన్నాడు. మామిడి అంట్లు మామూలుకి రెట్టింపు కట్టించాడు. అంటు మొక్కకి గిరాకీ తొలకరి పడ్డాక ఒకటి రెండు నెలలే. ఆ వానల్లో ప్రకటన చూసి రైతులు ఫోన్ చెయ్యాలి. చెయ్యకపోతే అంట్లన్నీ మా చేలోనే ఉండిపోతాయి. ఆ సంవత్సరం మా ఇంటి బతుకంతా ఆ ఒక్క ప్రకటన మీద ఉంది.

మరిదికి ట్రాక్టరు అప్పు వాయిదాలు తప్పాయని బ్యాంకు క్రెడిట్ కార్డు ఇవ్వలేదు. మా వారికి బ్యాంకులో ఖాతా ఉన్న సంగతే గుర్తుండదు. పెళ్లికి ముందు నాన్న నా పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ని గడువు తీరినప్పుడల్లా మళ్లీ వేసుకుంటూ వచ్చాను. దాని మీదైతే కార్డు ఇస్తామన్నారు. నెలనెలా కడితే సరి, కట్టకపోతే డిపాజిట్‌లోంచి కోసుకుంటారు. కార్డు మీద మా పుట్టింటి ఇంటిపేరే వచ్చింది, డిపాజిట్ ఆ పేరుతోనే ఉంది కాబట్టి. అప్పుడు దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

ఆ కంపెనీ పద్ధతి ఇది. ఎవరైనా మా ప్రకటన మీద నొక్కితే ఇంత అని మన ఖాతాలో బాకీ రాసుకుంటారు. ఆ బాకీ ఒక మొత్తానికి చేరగానే కార్డులోంచి లాగేసుకుంటారు. అది మంగళవారం చేరుతుందా, ఆదివారం చేరుతుందా అన్నది ఎక్కడో ఎవరో నొక్కేదాన్ని బట్టి ఉంటుంది. నాన్న కొట్లో డబ్బు కావాల్సినవాడు ఎదురుగా వచ్చి నిలబడేవాడు. ఇక్కడ మనిషి లేడు, మొహం లేదు. పొద్దున్నా సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని ఆ అంకె ఎంత పెరిగిందో చూసుకునేదాన్ని. మా వారు అటుగా వెళుతూ, పొయ్యి మీద పాలకి కూడా నువ్వింత కాపలా కాయవనేవారు.

ఒక శుక్రవారం పొద్దున్న అత్తగారు తులసి కోట దగ్గర దీపం పెడుతుంటే ఆ మెసేజీ వచ్చింది. నా మొహం చూసే ఆవిడ కనిపెట్టేశారు.

మా ఇంట్లోంచి శుక్రవారం డబ్బు బయటికి వెళ్లదు. లక్ష్మి గడప దాటిపోతుందని అత్తగారి నమ్మకం. కూలీలకి బట్వాడా గురువారం సాయంత్రమే. ఎరువుల కొట్టతను శుక్రవారం మా గుమ్మం తొక్కడు. ఎవరైనా చేబదులు అడగబోయి కూడా వారం గుర్తొచ్చి ఊరుకునేవారు.

మరిది నవ్వుతూ సర్దిచెప్పబోయాడు. ఆ కంపెనీ ఉన్న దేశంలో ఇంకా తెల్లారలేదని, అక్కడ ఇప్పుడు గురువారమేనని.

"పోయేది అక్కడి నుంచి కాదు కదరా, మనింట్లోంచి" అన్నారు అత్తగారు. ఆ పూట ఆవిడ కాఫీ ముట్టలేదు.

దాంతో మరిది ఒక ఉపాయం చెప్పాడు. ఖాతాలో రెండు కార్డులు పెట్టుకోవచ్చు, ఏది ముఖ్యమైనదో మనమే చెప్పొచ్చు. తన డెబిట్ కార్డు కూడా చేర్చాడు. ఆ ఖాతాలో డబ్బులుండవు. గురువారం సాయంత్రం బట్వాడా అయ్యాక నా కార్డు తీసేసి అతని ఖాళీ కార్డు ముందుకి పెట్టేదాన్ని. శుక్రవారం బాకీ నిండితే కంపెనీ ఆ కార్డు మీద అడుగుతుంది, అందులో ఏమీ ఉండదు కాబట్టి ఊరుకుంటుంది. శనివారం పొద్దున్నే మళ్లీ నా కార్డు పెట్టి బాకీ కట్టేదాన్ని. ఈలోగా ప్రకటన కాసేపు ఆగితే ఆగేది. అత్తగారికి శుక్రవారం శుక్రవారంలా గడిచేది. పెట్టడం, తీయడం, పెట్టడం. వేసవంతా ఇలాగే నడిచింది.

తొలకరి పడింది. ఫోన్లు మొదలయ్యాయి. హుబ్లీ నుంచి ఒకరు, షోలాపూర్ నుంచి ఒకరు. మరిది చేతిలో ఫోన్ వేడెక్కిపోయేది. ఆ వారమే, శనివారం, నేను నా కార్డు పెట్టబోతే పెట్టనివ్వలేదు. తెర పైన ఎర్రటి పట్టీ వచ్చింది. మరిదిని పిలిచాను. అతను ఒకసారి చదివి, మళ్లీ చదివి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డబ్బు కట్టే తీరు అనుమానంగా ఉందట. ఖాతా ఆపేశారట.

అనుమానం వాళ్ల తప్పు కూడా కాదు. వారం వారం ఒక కార్డు మాయమై, డబ్బుల్లేని కార్డు ప్రత్యక్షమవుతుంటే నేనైనా అనుమానిస్తాను. మా ఇంటి శుక్రవారం సంగతి వాళ్లకెలా తెలుస్తుంది?

మధ్యాహ్నానికల్లా ఫోన్లు తగ్గాయి. రెండో రోజుకి పాత రైతులు తప్ప ఎవరూ లేరు. అప్పటిదాకా మెసేజీ చప్పుడుకి భయపడిన నేను, చప్పుడు లేకపోవడానికి భయపడ్డాను.

కార్డు మాదేనని రుజువులు పంపమన్నారు. మధ్య అంకెల మీద కాగితం ముక్క అంటించి కార్డు జెరాక్సు తీయించాం, బ్యాంకు నుంచి ఉత్తరం తెచ్చాం, నర్సరీ బిల్లు జతచేశాం. రాజమండ్రి వెళ్లి స్కాన్ చేయించి పంపాం. జవాబొచ్చింది. ఖాతా ఒక ఇంటిపేరుతో ఉంది, కార్డు మరో ఇంటిపేరుతో ఉంది, ఈవిడ మీకేమవుతుంది అని. మరిది ఇంగ్లిషులో ఒక ఉత్తరం రాశాడు. మా అన్నయ్య భార్య, మా వ్యాపారం లెక్కలు చూసేది ఆవిడే అని. నా చేత సంతకం పెట్టించి పంపాడు. ఆ తర్వాత ఏ జవాబూ లేదు.

వాన బాగా కురుస్తోంది. మొక్కలకి అది మంచిదే, మాకే కాదు. అంటు మొక్క ఒకేచోట ఎక్కువ రోజులుంటే వేరు కవరు అడుగు చీల్చుకుని నేలలోకి దిగుతుంది. ఎత్తినప్పుడు ఆ వేరు తెగి మొక్క వాడిపోతుంది. అందుకని మా వారు కూలీల్ని పెట్టి వరసలు వరసలుగా మొక్కల్ని జరిపించసాగారు. అమ్ముడుపోని మొక్కకి కూలి. రోజూ ఆ కూలి రాస్తుంటే కలం బరువెక్కేది.

కబురు ఎలా తెలిసిందో, పెద్ద బ్రోకరు స్కూటరు మీద వచ్చాడు. బురదలో కాలు పెట్టకుండా గట్టు మీదే నిలబడ్డాడు.

"ఏంటండీ, మొక్కలు కంప్యూటరు కొంటుందన్నారు? లారీ పంపిందా?" అన్నాడు.

మరిది మొక్కలు జరపడంలోనే ఉన్నాడు. బ్రోకరు సగం ధరకి సగం తోట ఎత్తుతానని, ఆలోచించుకోమని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నం దగ్గర మరిది, ఇచ్చేద్దామేమో అన్నయ్యా, అన్నాడు. ఇంకొక్క వారం చూద్దామన్నాను నేను. ఏ ధైర్యంతో అన్నానో తెలియదు. ఆ నెల కార్డు బిల్లు కట్టడానికి నా దగ్గర ఉన్నది బొటాబొటీగా సరిపోయేది. వచ్చే నెలకి లేదు.

ఖాతా ఆగిందని అత్తగారికి తెలుసు, ఎందుకు ఆగిందో ఎవరం చెప్పలేదు. మర్నాడు వరండాలో గోంగూర ఒలుస్తూ నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"నా శుక్రవారం వల్లేనటగా" అన్నారు.

నేను తలవంచుకుని కాడలు తుంచుతున్నాను.

"మీ మరిది చెప్పలేదులే. వాడి మొహం చెప్పింది" అన్నారు. "ఆ కార్డు వెనకాల ఉన్నది మీ నాన్న వేసిన డబ్బే కదమ్మాయ్. మనింటిది కాదుగా. నేనే అనవసరంగా పట్టుబట్టాను. శుక్రవారమైనా పోతే పోనీ."

ఆవిడకది పెద్ద సడలింపు. తనకు తానుగా ఇచ్చింది. నేను సంతోషించాలి. నాకు మాత్రం మనింటిది కాదన్న మాటే గుచ్చుకుంది.

"ఇన్నేళ్లుగా ఈ ఇంటి లెక్కలన్నీ నేనే చూస్తున్నాను. నా డబ్బొక్కటీ ఈ ఇంటిది కాదాండీ?"

ఎదురు మాట్లాడినట్టయింది. ఆవిడ చేతులు ఆగిపోయాయి. నా వైపు చూశారు, కోపంగా కాదు.

"అయితే శుక్రవారం పోనివ్వకు" అన్నారు.

అప్పటిదాకా ఆ నియమం ఆవిడది, నేను పాటించేదాన్ని. ఆ మాటతో అది నా నెత్తిన పడింది, నేనే అడిగి పెట్టించుకున్నట్టు.

ఖాతా ఆగినా లోపలికెళ్లి చూడటానికి వీలుండేది. ఆ మధ్యాహ్నం డబ్బు కట్టే పేజీలో ఉన్న ప్రతి మాటా మరిది చేత చదివించి అర్థం చెప్పించుకున్నాను. బాకీ నిండకముందే మనంతట మనం కట్టుకునే వీలు అక్కడ మొదటి నుంచీ ఉంది. ఎక్కువ కడితే నిల్వ ఉంటుంది, ఆ నిల్వ అయిపోయాకే బాకీ మొదలవుతుంది. అడగకుండా ఎవరు కడతారులే అని మరిది దాన్ని ఏనాడూ నొక్కలేదట. గురువారం బట్వాడాతో పాటు దీనికీ కట్టేస్తే శుక్రవారం ఏ కార్డూ మార్చే పని లేదు.

వారం గడవకముందే జవాబొచ్చింది. ఖాతా తెరిచారు. కార్డులు మాటిమాటికీ మార్చొద్దని, మళ్లీ జరిగితే ఇక తెరవమని రాశారు. ఎంత చేరితే కార్డులోంచి లాగుతారో, ఆ బాకీ పరిమితి మాత్రం మొదట్లో ఉన్నంతకి దించేశారు, చాలా చిన్న మొత్తం. ఖాళీ కార్డుని పూర్తిగా తీసేయించాను. ఆ గురువారం కట్టడానికి కూర్చుంటే ఎంత కట్టాలో తేలలేదు. తక్కువ కడితే నిల్వ అయిపోయి, చిన్న పరిమితి ఇట్టే నిండి, శుక్రవారమే లాగేస్తుంది. ఎక్కువ కడదామంటే కార్డులో మిగిలిందే కొంచెం. పాత శుక్రవారాల ఖర్చు తీసి, అన్నిటికంటే పెద్దదాని మీద ఇంకో సగం కలిపి కట్టాను.

తెల్లారి చూస్తే మబ్బు. మధ్యాహ్నానికి అటు కర్ణాటకలో కూడా గట్టి వానలని ఫోన్ చేసిన రైతులే చెబుతున్నారు. వాన పడితే రైతులు గడ్డపార తీస్తారు, పట్నంలో ఉన్న కొడుకుల చేత మొక్కలు వెతికిస్తారు. నొక్కుళ్లు పెరిగాయి. నేను కట్టిన నిల్వ నా కళ్ల ముందే తరిగిపోతోంది. మూడు దాటాక అది అయిపోయి బాకీ మొదలైంది. మరిది చేలో లోడింగు దగ్గర ఉన్నాడు, షోలాపూర్ లారీ వచ్చింది. ఫోన్ చేసి, ప్రకటన ఆపేయమంటావా అని అడిగాను.

"ఆపొద్దు వదినా, ఇంకో లారీ బేరంలో ఉంది. చివరికొచ్చింది" అన్నాడు.

పరిమితికి ఎంత దూరం, గంటకి ఎంత కదులుతోంది, అర్ధరాత్రికి ఎన్ని గంటలు. లెక్కవేస్తే దాటిపోతుందని వచ్చింది. మళ్లీ వేశాను, అదే వచ్చింది. అత్తగారు వరండాలోంచి లోపలికి రాలేదు. అలాగే కూర్చున్నాను. దీపాల వేళకి మరిది నుంచి ఫోన్ వచ్చింది, రెండో లారీ బేరం కుదిరిందని. అతను మాట ముగించకముందే ప్రకటన ఆపాను. పరిమితికి రెండు మూడు నొక్కుళ్ల దూరంలో ఆగింది అంకె.

మరిది బురద కాళ్లతో వచ్చి, ఆపేశారా అని అడిగి, తెర వైపు చూసి నెమ్మదిగా తల ఊపాడు. సగం తోట బ్రోకరుకి ఇవ్వక్కర్లేదన్నాడు, పావు ఇస్తే సరిపోతుందేమోనన్నాడు. తర్వాత, వచ్చే గురువారం ఇంకాస్త ఎక్కువ కట్టండి అన్నాడు.

ఎంత కట్టాలి? కాగితం తీసుకుని మొదలుపెట్టాను. కార్డులో మిగిలింది ఇంత, లారీల డబ్బు వచ్చేది బుధవారం, అదీ వస్తే. మిగతావన్నీ వేసుకున్నాను. వచ్చే శుక్రవారం వాన పడుతుందో లేదో ఒక్కటే తెలియదు. అది తెలిస్తే గాని లెక్క తేలదు.