లేవనన్న ఫ్లాష్

గొల్లపల్లిలో కనకవ్వ తప్పు ఒప్పుకోగా చూసినవాళ్లు లేరు. ఓసారి మా బర్రెను తన బర్రె అనుకుని తోలుకుపోయి, పాలు కూడా పిండుకుంది. అడగబోతే, మీ బర్రెకే తెలివి లేదు, పిలవగానే వచ్చింది అని నన్నే దబాయించింది. పక్కింటిదాన్ని కాబట్టి ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. ఈ కెమెరా సంగతి మాత్రం వేరు.

ఆమె కోడలు మాధవి ఫోటోలు తీస్తుంది. భర్త జలపతి దుబాయ్ నుంచి తెచ్చిన కెమెరాతో మా మండలంలో శారీ ఫంక్షన్లు, పుట్టువెంట్రుకలు అన్నీ ఆమే చేస్తుంది. రెండేళ్లుగా కనకవ్వ ఆ కెమెరాను డబ్బా అని తప్ప పిలవలేదు. ఆడదాని మెడలో డబ్బా ఏంటని వీధంతా చెప్పి నవ్వేది.

మొన్న దసరా తెల్లారి ఆ డబ్బా ఫ్లాష్ లేవడం మానేసింది. బటన్ నొక్కితే లోపల టిక్కుమంటుంది, పైన ఫ్లాష్ ఉన్న మూత కదలదు. ఆదివారం సిరిసిల్లలో ఒక నేత కార్మికుల ఇంట్లో నిశ్చితార్థం. మండలం దాటి మాధవికి వచ్చిన మొదటి పిలుపు అది. మరమగ్గం పక్క గదిలో, ఒక్క ట్యూబ్‌లైటు వెలుగులో చేస్తారట. ఫ్లాష్ లేకపోతే మొహాలన్నీ నల్లగా వస్తాయి. ఇక ఆ ఊరి గడప తొక్కేది ఆమెకు పోటీ అయిన ప్రభాకర్ స్టూడియోవాళ్లే.

దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేసే జలపతి వీడియో కాల్‌లో ఇంజినీరైపోయాడు. బ్యాటరీ నిండా ఎక్కించమన్నాడు, ఎక్కించింది. ఆటో మోడ్‌లో పెట్టమన్నాడు, పెట్టింది. రీసెట్ కొట్టమంటే కొట్టింది, తారీఖు పదిహేనేళ్లు వెనక్కి పోయింది కానీ ఫ్లాష్ లేవలేదు. ఆఫ్ చేసినా లోపల కరెంటు ఉంటుంది, స్క్రూలు విప్పితే షాక్ కొడుతుందని బెదిరించాడు. చివరికి, నువ్వే కింద పడేసి ఉంటావన్నాడు. నువ్వే ఎవరో వాడి పడేసింది కొనుక్కొచ్చావని ఆమె అంది. మూడో రోజుకు ఇద్దరూ కెమెరాను వదిలేసి ఒకరి వంశాన్ని ఒకరు ఎత్తుకున్నారు.

విచిత్రం ఏమిటంటే, ప్రతిదానికీ తీర్పు చెప్పే కనకవ్వ నోరు మెదపలేదు. చాట ముందేసుకుని, ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతోంది. ఏమైందని అడిగితే పంటి నొప్పి అంది. ఆమెకు పళ్లు ఊడిపోయి ఆరేళ్లయింది.

శుక్రవారం సాయంత్రం మాధవి ఓడిపోయింది. వేరేవాళ్లను చూసుకోండని సిరిసిల్లవాళ్లకు చెప్పడానికి కళ్లు తుడుచుకుంటూ ఫోన్ తీసింది. కనకవ్వ ఆ ఫోన్ లాక్కుని చాట కింద పెట్టింది.

"ఆగు పిల్లా. దసరా నాడు నువ్వు జమ్మికి పోయినంక దానికి పసుపు కుంకుమ పెట్టిన. ముందటి అద్దం ముట్టద్దన్నవు గదా, గందుకే నెత్తి మీద పెట్టిన. నువ్వు నవ్వుతవని, మళ్ల ఇంటికి అచ్చేటాలకు తడికొంగుతోని తుడిచిన."

మాధవి కెమెరాను వాకిట్లోకి, వెలుతురులోకి తెచ్చింది. మూత సందులో పసుపు ముద్ద ఎండి గట్టిపడి ఉంది. తుడిచిన కొంగే దాన్ని లోపలికి నెట్టింది. చెవిలో పెట్టుకునే దూది పుల్లను కాస్త తడిపి, సందు వెంట రాసి, పాత బ్రష్‌తో మెల్లగా దులిపింది. బటన్ నొక్కగానే మూత పైకి లేచింది. నా వైపు తిప్పి ఒక ఫోటో తీస్తే, ఆ వెలుగు నా కళ్లలోనే కొట్టింది. ఇక సిరిసిల్ల పోవచ్చు.

రెండేండ్ల సంది డబ్బా డబ్బా అన్న దానికి బొట్టెందుకు పెట్టినవని మాధవి అడిగింది.

"కొడవలికి పెట్టిన, పారకు పెట్టిన. అది గూడ నీ పనిముట్టే గదా. దానికొక్కదానికి పెట్టకుంటే ఎట్ల?"

మాధవి తిట్టడానికే నోరు తెరిచిందని నాకు తెలుసు. కానీ అత్త భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది, అబద్ధం ఎందుకు.

అంతలో జలపతి ఫోన్ చేశాడు. బాగైందని తెలిసి, ఎట్లా అని అడిగాడు. కనకవ్వ తల దించుకుంది. మాధవి ఆమె వైపు చూసి, నువ్వు చెప్పిన రీసెట్‌తోనే బాగైందని చెప్పింది. జలపతి పొంగిపోయాడు.

కనకవ్వ తల ఎత్తింది. పంటి నొప్పి పోయినట్టుంది, ఫోన్ అందుకుంది.

"మరి మూడొద్దుల సంది పిల్లను ఎందుకు తిట్టినవ్‌రా? పడేసిందని అంటివి. ముందుగాల పిల్లకు సారీ చెప్పు."

చెప్పాడు, పాపం.