ముందు చేతులు

పొద్దున సొరుగు తెరవగానే పాత కాగితం వాసన వచ్చింది. చెయ్యి దానంతట అదే వెళ్ళి కిటికీ తెర లాగింది. ఎండ తగిలితే సొరుగులోని బొమ్మ రంగులు వెలిసిపోతాయి. ఆ జాగ్రత్త నేర్పిందీ, ఈ బొమ్మ నాకిచ్చిందీ ఫ్రావ్, అంటే శ్రీమతి, లిండ్నర్. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో మా కింది అంతస్తులో ఉండేవారు. నిరుడు పోయారు.

మొదటిసారి, నేను ఇంట్లో లేనప్పుడు వచ్చిన పార్సిల్ ఆవిడ తీసుకుని ఉంచితే తెచ్చుకోవడానికి వెళ్ళాను. బల్ల మీద ఈ బొమ్మే ఉంది, చెక్క అచ్చుతో వేసిన జపాన్ ఆడమనిషి బొమ్మ. మ్యూజియంలో అలాంటి వాటికి వివరాలు రాయడమే ఆవిడ చేసిన ఉద్యోగం.

"ఎవరండీ ఈవిడ?" అన్నాను.

"ఈవిడ కాదు, ఈయన. నుదుటి మీద ఊదా గుడ్డ చూడండి, గొరిగిన తల కనబడకుండా. కబుకి నాటకాల్లో ఆడవేషాలూ మగవాళ్ళవే. ఆ సంగతి చూసేవాళ్ళకు తెలుసు, చిత్రకారుడూ దాచలేదు."

తరువాత చాలా శనివారాలు వెళ్ళాను. బొమ్మలో ముఖం మీదా రాత మీదా కాగితం ముక్కలు కప్పేవారు. "పేరు తెలిస్తే చూడడం మానేస్తాం. ముందు చేతులు," అనేవారు. చేతులను బట్టి ఏం జరుగుతోందో చెప్పాలి. తరువాత నటుడెవరో తెలిపే గుర్తు కోసం దుస్తుల మీద వెతకాలి. ముఖం చివర.

నా పెట్టె అడుగున ఆడవేషంలో ఉన్న మా మేనమామ ఫొటో ఉండేది. తెనాలి వైపు నాటకాల్లో ఆయన ఆడవేషాలు వేసేవాడు. బడిలో నన్ను ఆ మాటతోనే ఏడిపించారు. నా పెళ్ళిలో స్నేహితులకు ఆయన్ని పరిచయం చెయ్యలేదు. ఆయన అది గమనించాడు.

ఒక శనివారం ఆ ఫొటో కిందికి తీసుకెళ్ళాను. ఆవిడ దాని ముఖం కూడా కప్పి, చాలాసేపు చూశారు.

"వేళ్ళ మధ్య ఉత్తరం ఉంది. ఇవ్వాలని ఉంది, ఇవ్వలేకపోతోంది. ఏ ఘట్టం ఇది?"

"తెలీదు. ఎప్పుడూ అడగలేదు."

"మనిషి ఉన్నారుగా. అడగండి."

ఆ సాయంత్రమే మామయ్యకి ఫోన్ చేసి ఆ ఫొటో ఏ ఘట్టమో అడిగాను.

"ఇన్నాళ్ళకి అడిగావట్రా. ఉత్తరం పంపనా, మాననా అని ఆగే చోటది. ఫొటో తీసిన రోజు నా చేతిలో కాగితం పెట్టడం మర్చిపోయార్రా. ఉత్త చెయ్యే."

"మా కింది అంతస్తు ఆవిడకి ఉత్తరం కనబడింది మామయ్యా."

"జర్మనీ ఆవిడకా?" అని నవ్వాడు.

"నా పెళ్ళిలో నేను..." అని మొదలుపెట్టాను.

"అది వదిలెయ్. ఆవిడ ఇంకేం చూసిందో చెప్పు."

ఇప్పుడు ఆ ఫొటో మా హాల్లో, ఎండ పడని గోడ మీద ఉంది. నిన్న ఇంటికొచ్చిన సహోద్యోగి, "మీ అమ్మమ్మగారా?" అన్నాడు.

"మా మామయ్య. ముందు చేతులు చూడు."

దగ్గరికెళ్ళి కాసేపు చూశాడు.

"చేతిలో ఏంటది, ఉత్తరమా?"

ఆదివారం మామయ్యకి ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెప్పాలి.