నేల దగ్గర ఆగని లెక్క

మొన్న ఫోన్లో చిన్నది ఒక లెక్క అడిగింది. సంఖ్యారేఖ మీద మైనస్ ఐదు నుంచి మూడు దాకా ఎంత దూరమని. తను ఐదని రాస్తే టీచరు తప్పు పెట్టిందట.

"సున్నా వచ్చేసింది కదవ్వా, అక్కడికి అయిపోయినట్లే కదా?" అంది.

"యాడ అయిపోయిందమ్మా, మూడు ఇంకా అవతల ఉండాది" అన్నాను.

ఫోను పెట్టేశాక మీ తాత తెచ్చిన పంపు గుర్తొచ్చింది. అది మనవరాళ్ళు మీ ఇద్దరికీ చెప్తాను.

చాకవేలు దగ్గర మన చేనులో బోరు పల్లంలో ఉంది. ఆ ఏడు మొదటిసారి మిట్ట మీద టమాటా పెట్టాము. నీళ్ళు డ్రిప్పు పైపుల్లోకి వాటంతటవే దిగాలని తొట్టి కూడా మిట్ట కొసనే కట్టించాము. నారు నాటిన రెండో రోజే పాత పంపు కాలిపోయింది. తాత చింతామణికి పోయి కొత్తది తెచ్చారు. అంగట్లో వాళ్ళు ఎన్ని అడుగులని అడిగారు, ఈయన ఐదొందలన్నారు. మా వైపు పెళ్ళిళ్ళలో కలిసినా బోరు లోతే అడుగుతారు.

పంపు దించి స్విచ్ వేస్తే బోరు దగ్గర నీళ్ళు బాగానే దూకాయి. తొట్టిలోకి మాత్రం చుక్క రాలేదు. తాత పైపు పొడుగునా కారుతోందేమోనని వెతికారు. ఎండకు నారు తలలు వాల్చేసింది. ఇంకొక్క రోజు ఆగితే దక్కదు.

నేను బోరు మూతికి రబ్బరు పైపు తగిలించి, కొస పట్టుకొని మిట్ట ఎక్కాను. ఎక్కేకొద్దీ ధార సన్నబడింది. సగం దూరంలో నిలిచిపోయింది.

"ఇదో, ఇట్లా రా. ఈడ దాకా వస్తాండాది, జానెడు ఎత్తితే రాలేదు."

"పంపు మంచిదేనంట కదా."

"పంపు మంచిదే. నువ్వు అంగట్లో నేల దాకానే చెప్పినావు. తొట్టి మిట్ట మీద కదా ఉండేది."

తాత తొట్టి వైపు చూశారు. "ఆ మాట ముందే చెప్పకూడదా?"

"నన్ను అంగడికి పిల్చుకోని పోయింటే చెప్పుందును."

నేలను సున్నా అనుకోండి. కిందికి ఐదొందలు, పైకి నిలువున అరవై. నేల వచ్చిందని పంపుకు తెలియదు, అది ఐదొందల అరవై అడుగులూ ఎత్తాల్సిందే. చిన్నదాని లెక్కలో ఐదూ మూడూ ఎనిమిదైనట్టే.

ఆ రాత్రే పంపు పైకి తీయించి, మర్నాడు తొలి బస్సుకు దాన్ని తీసుకొని ఇద్దరమూ పోయాము. "లోతెంతప్పా?" అన్నాడు అంగడాయన. తాత నా వైపు చూశారు.

"లోతొకటే చెప్తే చాలదప్పా, మిట్ట ఎత్తు కూడా కలుపుకో" అన్నాను.

పంపు మార్చి ఇచ్చాడు. పొద్దు వాలేలోపు దించారు. తాత స్విచ్ దగ్గర, నేను తొట్టి దగ్గర నిలబడ్డాము. పైపు ముందు గాలి వదిలింది, తర్వాత ఎర్రనీళ్ళు, ఆ తర్వాత తేటనీళ్ళు. కొస సాళ్ళు అప్పటికే ఎండిపోయాయి. మిగిలిన నారు తెల్లారేసరికి తలెత్తింది.